చుక్క పోయిన దారి

"పెట్రోలు పోయనక్కరలేని కారుకు నీళ్లు మాత్రం ఎందుకు పోయాలె?" ఈ ప్రశ్న నన్ను అడిగినవాడు మా బావ. మా మేనత్త కుమారుడు. కోహీరులో జామతోట పెట్టుకొని సేద్యం చేస్తున్నాడు. కోహీరు జామపండు రుచి ఎరిగినవారికి ఆ ఊరిని గురించి వేరే చెప్పనక్కరలేదు. రెండేళ్ల క్రిందట అతడు ఒక విద్యుత్ కారు కొన్నాడు. కొనడానికి ముఖ్యకారణం మా అత్త. ఆమెకు మూత్రపిండాల జబ్బు. వారానికి రెండుసార్లు సంగారెడ్డికి తీసుకొనిపోయి రక్తశుద్ధి చేయించవలెను. పెట్రోలు ఖర్చు లేని కారు ఇంట ఉంటే ఆ ప్రయాణం భారం కాదని అతని ఆలోచన. ఆలోచన మంచిదే. కాని గడచిన శీతకాలంలో ఆ కారు ఇంటిల్లిపాదిని కొంత కష్టపెట్టినది. ఆ కష్టం వెనుకనున్న కారణం తెలుసుకొంటే, ఇటువంటి కార్లున్న ఇండ్లవారికీ, రేపు కొనబోయేవారికీ ఉపయోగపడుతుందని ఈ ప్రసంగం.

మొదట బావ ప్రశ్నకే సమాధానం చెప్పుకొందాము. విద్యుత్ కారులో నిప్పు రాజుకొనే యంత్రం లేదు. అయినా వేడి ఉన్నది. బాటరీ నుండి విద్యుత్తు బయటికి ప్రవహించేటప్పుడూ, తిరిగి లోపలికి నింపేటప్పుడూ దానిలోని నిరోధం వలన వేడి పుడుతుంది. బాటరీ ఇచ్చే ఏకముఖ విద్యుత్తును మోటారుకు తగిన విధంగా మార్చే పెట్టె ఒకటి ఉన్నది. అదీ వేడెక్కుతుంది. మోటారు కూడ వేడెక్కుతుంది. ఇందులో బాటరీ మరీ సుకుమారమైనది. లిథియం బాటరీకి సుమారు పదిహేను డిగ్రీలు మొదలు ముప్పదియైదు డిగ్రీల వరకు హాయిగా ఉంటుంది; అనగా మనకు హాయిగా ఉండే వాతావరణమే దానికీ హాయి. వేడి ఎక్కువైతే దాని ఆయువు తగ్గుతుంది. చలి ఎక్కువైతే అది విద్యుత్తును నిదానంగా పుచ్చుకొంటుంది.

2001లో బెంగుళూరులో తయారై వచ్చిన రేవా కారులో సీసపు బాటరీలు ఉండేవి. తరువాత వచ్చిన లిథియం బాటరీలలో కొన్నిటిని గాలితోనే చల్లబరచినారు. నేడు పెద్ద బాటరీ ఉన్న కార్లలో చాలవాటికి గాలి చాలదు. బాటరీ అరలను ఆనుకొని సన్నని కాలువలున్న లోహపు పలకలు అమర్చి, వాటిలో ఒక ద్రవాన్ని చిన్న విద్యుత్ పంపుతో త్రిప్పుతారు. దానినే మనవారు కూలెంటు అంటున్నారు. అది వేడిని గ్రహించి కారు ముందుభాగంలోని రేడియేటరుకు చేర్చి, అక్కడ చల్లబడి తిరిగి వస్తుంది. మన వేసవిలో బయటి గాలే నలుబది డిగ్రీలు దాటినప్పుడు రేడియేటరు ఒక్కటే ఏమి చేయగలదు? అప్పుడు కారులోని ఏసీ యంత్రం కూడ ఆ ద్రవాన్ని చల్లబరచడానికి సాయపడుతుంది.

ఈ ద్రవం ఉత్త నీరు కాదు. సాధారణంగా ఇందులో నీరు సగం, ఇథిలీన్ గ్లైకాల్ అనే పదార్థం సగం. లోహం తినివేయబడకుండ కాపాడే మందులు కొన్ని కొద్దిగా కలుపుతారు. కారును బట్టి రంగు కూడ వేస్తారు. అందులోని నీరు ఏ లవణాలూ లేని శుద్ధజలం. లవణాలున్న నీటిలో విద్యుత్తు సులభంగా ప్రవహిస్తుంది. పై పెచ్చు ఆ లవణాలు సన్నని కాలువలలో పేరుకొనిపోతాయి. మన చాయ్ గిన్నెల అడుగున పేరుకొనే తెల్లని పెచ్చు వంటిదే అది.

ఇక జరిగిన సంగతి. డిసెంబరు నెలలో ఒకనాడు కారు అద్దం వెనుక కూలెంటు తగ్గినదని సూచించే దీపం వెలిగినది. బావ బానెట్టు ఎత్తి చూచినాడు. డబ్బాలో ద్రవం క్రింది గీతకు లోపల ఉన్నది. బోరు నీళ్లు ఒక చెంబుడు తెచ్చి పోసినాడు. దీపం ఆరిపోయినది. ఇందులో అతనిని తప్పుపట్టడానికి లేదు. ఇది మనకు తరతరాలుగా వచ్చిన అలవాటు. నిజాం రాష్ట్రంలో 1932లో 27 బస్సులతో రవాణా శాఖ మొదలైన నాటి నుండి, బస్సు ఎక్కడ ఆగితే అక్కడ రేడియేటరులో నీళ్లు పోయడం మన పెద్దలు చూచినదే. ఆ యంత్రాలకు అది చెల్లినది. కాని పది పన్నెండు రోజులకు దీపం మళ్లీ వెలిగినది. మళ్లీ చెంబుడు నీళ్లు. మూడవసారి కారును నగరంలోని మరమ్మతు కేంద్రానికి పంపినాడు. అక్కడివారు పగలు రెండు గంటల వేళ పరీక్ష చేసి, కారుట ఎక్కడా లేదన్నారు; డబ్బా నింపి పంపివేసినారు.

జనవరిలో ఒక తెల్లవారుజామున అత్తను ఎక్కించుకొని సంగారెడ్డికి బయలుదేరినారు. జాతీయ రహదారి ఎక్కిన కొంతసేపటికి ఎర్రదీపం వెలిగి, కారు తనంతట తానే వేగం తగ్గించుకొన్నది. ఇది కారు చెడిపోవడం కాదు. తన పెట్టెలు వేడెక్కి పాడుకాకుండ కాపాడుకోవడం. కాని ముసలి ప్రాణానికి ఆ భేదంతో పని లేదు. దారిన వేరొక బండి దొరికి ఆసుపత్రి చేరేసరికి ఆమె వంతు దాటిపోయినది. ఆనాడు మధ్యాహ్నం వరకు ఆమె బల్ల మీద కూర్చొని ఉండవలసి వచ్చినది. జామతోటల కార్యక్రమం రికార్డు చేయడానికి మరునాడు నేను కోహీరు వెళ్లినాను. బావ కారును అమ్మివేస్తాననే నిశ్చయంలో ఉన్నాడు.

ఆ సాయంత్రం జహీరాబాదు నుండి ఒక మెకానిక్కును పిలిపించినాము. వయస్సు యాబైకి పైబడినది. అందరూ ఉస్తాద్ అని పిలుస్తారు. ట్రాక్టర్లు, జీపులు బాగుచేస్తూ చేయి తిరిగినవాడు. విద్యుత్ వాహనాల పని ఈ మధ్యనే ప్రత్యేకంగా నేర్చుకొన్నాడు. అతడు వచ్చి వెంటనే పనిముట్లు తీయలేదు. నులకమంచం మీద కూర్చొని మూడు ప్రశ్నలు వేసినాడు. "డబ్బా ఏ వేళ చూస్తున్నరు పటేలా? బండి రాత్రి ఎక్కడ నిలబెడ్తున్నరు? దీనికి ఇదివరకు ఏమన్న రిపేరు అయిందా?"

మూడు ప్రశ్నలకూ అర్థం ఉన్నది. మొదటిది: ద్రవం వేడికి వ్యాకోచిస్తుంది. వేడిమీద ఒకనాడు, చల్లని వేళ ఒకనాడు చూస్తే ఏది నిజమో తెలియదు. బండి చల్లగా ఉన్నప్పుడు, చదునైన నేలమీద, ప్రతిదినం ఒకే వేళ చూడవలెను. రెండవది: బావ కారును పెరట్లో మట్టినేల మీద నిలుపుతున్నాడు. కోహీరు ఎర్రనేల; పది చుక్కలు పడినా త్రాగివేస్తుంది, ఆనవాలు మిగలదు. మూడవ ప్రశ్నకు జవాబు బావకు కొంత ఆలస్యంగా జ్ఞాపకం వచ్చినది. ఆశ్వయుజంలో ఒక ఎద్దుబండి తగిలి ముందు బంపరు పగిలితే, ఊరిదారిలోనే ఒకచోట బాగుచేయించినాడట.

ఉస్తాద్ అప్పుడు ఒక మాట అన్నాడు. అది నాకు బాగా నచ్చినది. పెట్రోలు బండిలో నీళ్లు తగ్గితే, అవి ఇంజనులోకి పోయి పొగలో ఆవిరై పోయి ఉండవచ్చును. ఈ బండిలో మండేది లేదు, పొగ లేదు. కాబట్టి పోయిన చుక్క బయటనన్నా పడి ఉండవలెను, లేదా లోపల ఎక్కడనన్నా చేరి ఉండవలెను. బయట పడితే సులభం. బాటరీ పెట్టెలో చేరితే మాత్రం అతడు చేయి పెట్టడు.

ఆ రాత్రి కారును సిమెంటు అరుగు మీదికి తెచ్చి, క్రింద తెల్లని అట్టలు పరిచినాము. తెల్లవారుజామున అయిదు గంటలకు లేచి చూచినాము. తెలంగాణలో మిక్కిలి చలిపడే చోట్లలో ఒకటిగా శీతకాలపు వార్తలలో కోహీరు పేరు తరచు వినబడుతుంది. పుష్యమాసంలో అక్కడ పది డిగ్రీలకు లోపల దిగడం విశేషమేమీ కాదు. దీపం పట్టి చూస్తే ముందు ఎడమ చక్రానికి దగ్గరగా, అట్టమీద, రూపాయి బిళ్లంత గులాబిరంగు మరక!

నేను ఆ మరకకు సరిగా పైన ఉన్నదే దోషం అనుకొన్నాను. ఉస్తాద్ నవ్వినాడు. చుక్క కారేచోటు వేరు, రాలేచోటు వేరు. ఇంటికప్పు ఒకచోట కారితే వాసం వెంట జారి మరొకచోట పడదా? కారు అడుగున ప్లాస్టిక్ పలక ఒకటి ఉంటుంది. ద్రవం దానిమీద ప్రాకి అన్నిటికంటె పల్లమైన మూల నుండి రాలుతుంది. కావున చుక్క పడిన చోటి నుండి పైకి, తడి ఎంతవరకు ఉన్నదో అంతవరకు పోవలెను. తడి ఎక్కడ ముగిసినదో అక్కడ దోషం మొదలైనట్లు.

అతడు కారును పూర్తిగా నిలిపివేసి, తాళం చెవిని దూరంగా పెట్టించినాడు. చేతికి రబ్బరు తొడుగులు వేసుకొన్నాడు. ఇటువంటి కార్లలో చాలవాటిలో మూడు నాలుగు వందల వోల్టుల విద్యుత్తు ఉంటుంది. ఆ తీగెలకు నారింజరంగు తొడుగు వేస్తారు. నారింజరంగు కనబడినచోట తెలియనివారు చేయిపెట్టరాదు. ఈ ఒక్క నియమం ఇంట్లో పిల్లలకు కూడ నేర్పవలెను.

అడుగు పలక విప్పి, తడిని గుడ్డతో తుడిచి, లాంతరు వెలుతురులో పైకి చూచుకొంటూ పోయినాడు. పంపుకు రబ్బరు గొట్టం తగిలించిన అతుకు వద్ద గులాబిరంగు పొడి ఉంగరం వలె గట్టకట్టి ఉన్నది. కూలెంటు ఆరినచోట మిగిలే ఆనవాలు అది. చేతిపంపుతో డబ్బాలోకి, తయారీదారులు చెప్పిన మేరకే గాలి ఎక్కించి ఒత్తిడి కొలిచే ముల్లును చూచినాము. ముల్లు మెల్లగా దిగజొచ్చినది. అతుకు వద్ద చెమటపట్టినట్లు చుక్క ఊరినది. ఆ పరీక్షనే ఎండ కాచిన తరువాత పదకొండు గంటలకు మళ్లీ చేసినాడు. ముల్లు కదలలేదు!

నగరంలోని కేంద్రంవారికి దోషం కనబడకపోవడానికి కారణం ఇదే. వారు అబద్ధం చెప్పలేదు. వారు చూచిన వేళకు అది కారడం లేదు. చలికి రబ్బరు బిగుసుకొని కుంచించుకొంటుంది. అతుకులో వెండ్రుకవాసి సందు ఏర్పడుతుంది. ఎండకో, బండి నడిచిన వేడికో రబ్బరు సాగి ఆ సందును మూసివేస్తుంది. తయారీలో ఈ అతుకులకు స్ప్రింగు క్లిప్పులు వేస్తారు. రబ్బరు కుంచించినప్పుడు ఆ క్లిప్పు కూడ తానే బిగుసుకొంటుంది. బంపరు బాగుచేసినప్పుడు ఎవరో ఆ క్లిప్పును తీసి, మరతో బిగించే మామూలు క్లిప్పు వేసినారు. అది బిగించిననాడు ఎంత పట్టు పట్టునో అంతే. చలికాలానికి వేరే బిగువు దానికి తెలియదు. పై పెచ్చు అతిగా బిగించినందున గొట్టం అంచు కొద్దిగా తెగినది. పది రూపాయల వస్తువు విషయంలో పొరపాటు. దాని ఫలితం ఆసుపత్రి బల్ల మీద ఒక ముసలమ్మ ఎదురుచూపు.

కొత్త గొట్టమూ, సరియైన స్ప్రింగు క్లిప్పూ వేయడం అరగంట పని. కాని ఉస్తాద్ అంతటితో పని అయినదనలేదు. "మీరు పోసిన బోరు నీళ్లు ఇంక లోపలనే ఉన్నయి పటేలా" అన్నాడు. ఆ కలుషితమైన ద్రవాన్నంతటినీ తీసివేసి, శుద్ధజలంతో కడిగి, కారు పుస్తకంలో చెప్పిన రకం కూలెంటునే నింపవలెను. నింపేటప్పుడు లోపల చిక్కిన గాలిని కూడ తీయవలెను. గాలి బుడగ నిలిచినచోట ద్రవం తగలదు. అక్కడ వేడి చల్లారదు. విద్యుత్ కారులో పంపును ఇంజను త్రిప్పదు కనుక, గాలి తీయడానికి కంప్యూటరుతో పంపును నడిపించవలసి ఉంటుంది. ఆ సాధనం తన వద్ద లేదని ఉస్తాద్ దాచకుండ చెప్పినాడు. కారును లారీమీద ఎక్కించి నగరంలోని కేంద్రానికే పంపినాము. ఈసారి బావ చేతిలో, దోషం ఎక్కడ, ఏ వేళ, ఎందుకు అనే సంగతులు వ్రాసిన కాగితం ఉన్నది. వారు కడిగి, నింపి, గాలి తీసి, మరొక ముఖ్యమైన పరీక్ష కూడ చేసినారు.

ఆ పరీక్ష బాటరీ విద్యుత్తు కారు లోహపు శరీరంలోకి జారుతున్నదా లేదా అని కొలిచేది. ఐక్యరాజ్య సమితి వాహన నిబంధనలలో నూరవదాని ప్రకారం ఏకముఖ విద్యుత్తుకు ప్రతి వోల్టుకు కనీసం 100 ఓముల నిరోధం ఉండవలెను. అనగా 400 వోల్టుల బాటరీకి 40,000 ఓములు. కూలెంటు బాటరీ పెట్టె లోపల కారితే ఈ కొలత పడిపోతుంది. మా బావ కారులో కొలత సరిగానే ఉన్నది. అదృష్టమే అనవలెను.

లోపల కారితే ఏమగును? దీనికి ఒక నిదర్శనం ఉన్నది. 2011 మే నెలలో అమెరికా రహదారి భద్రతా శాఖవారు షెవ్రొలే వోల్ట్ అనే కారును ప్రక్కనుండి స్తంభానికి ఢీకొట్టించి పరీక్షించినారు. అది బాటరీతోనూ, అవసరమైతే పెట్రోలుతోనూ నడిచే కారు. ఆ దెబ్బకు బాటరీ గాయపడి, కూలెంటు గొట్టం చీలి ద్రవం కారినది. కారును ఆవరణలో ఒకమూల నిలిపినారు. మూడు వారాల తరువాత అది అంటుకొని, ప్రక్కనున్న కార్లు కూడ కాలిపోయినవి. 2012 జనవరిలో విచారణ ముగిస్తూ, విద్యుత్ కార్లకు పెట్రోలు కార్లకంటె అగ్నిభయం ఎక్కువ కాదని ఆ శాఖవారు తేల్చినారు. తయారీదారులు బాటరీ చుట్టు కట్టడాన్ని బలపరచి, కూలెంటు మట్టాన్ని కనిపెట్టే సాధనం చేర్చినారు. భయపడనక్కర లేదని ఈ కథ చెపుతున్నది. ఉపేక్షించరాదని కూడ చెపుతున్నది.

ఇంటివారు చేయదగిన పనులు కొన్నే. ప్రతివారం ప్రొద్దున, బండి చల్లగా ఉన్నప్పుడు, డబ్బా మట్టం చూడండి. చూచిన తేదీ వ్రాసిపెట్టండి. మూత వేడిమీద తీయకండి. ఒకసారి తగ్గితే పుస్తకంలో చెప్పిన రకం కూలెంటు మాత్రమే పోయండి. రెండవసారి తగ్గితే అది దాహం కాదు, గాయం అని గ్రహించండి. క్రింద అట్ట పరచి, కారే వేళను కనిపెట్టి, ఆ వేళనే పరీక్ష చేయమని మెకానిక్కును కోరండి. నేలమీద పడిన కూలెంటును ఇసుకతో అద్ది ఎత్తివేసి కడగండి. అది తియ్యగా ఉంటుంది, కాని విషం. కుక్కలు, లేగదూడలు, పసిపిల్లలు దానిని ముట్టరాదు. మట్టం తగ్గుతూ క్రింద తడి ఎంతకూ కనబడకపోయినా, విద్యుత్ దోషాన్ని తెలిపే దీపం తోడుగా వెలిగినా, ఇక మీరు చేయవలసిన పని లేదు. ఛార్జింగు పెట్టక, కారును ఇంటికీ గడ్డివాములకూ దూరంగా ఆరుబయట నిలిపి, తెలిసినవారిని పిలవండి.

చివరకు ఒక మాట. జహీరాబాదులో 2013 నుండి ట్రాక్టర్లు తయారవుతున్నవి. మూడు, నాలుగు చక్రాల విద్యుత్ వాహనాల కోసం వేయి కోట్ల రూపాయల పెట్టుబడికి 2023 ఫిబ్రవరిలో అక్కడి మహీంద్రా సంస్థకూ రాష్ట్ర ప్రభుత్వానికీ ఒప్పందం కుదిరినది. బండ్లు తయారయ్యే గడ్డమీదనే వాటిని బాగుచేసే విద్య కూడ పెరగవలెను. కోహీరు వంటి ఊళ్లకు కారు చేరినంత వేగంగా ఆ కారు మర్మం తెలిసిన మనిషి చేరడంలేదు. ఐ.టి.ఐ.లలో చదివే మన పిల్లలకు ఇది మంచి బ్రతుకుదెరువు. ఆ ఉస్తాద్ వంటివారి వద్ద నేర్చుకోవలసినవి రెండు: చుక్క పోయిన దారిని ఓపికగా వెదకడం ఒకటి, "ఇక్కడి వరకే నా పని" అని చెప్పగల నిజాయితీ మరొకటి.

బావ కారును అమ్మలేదు. అత్త వారానికి రెండుసార్లు వేళకు ఆసుపత్రి చేరుతున్నది. పెరట్లో కారు నిలిపేచోట ఇప్పుడు సిమెంటు గచ్చు ఉన్నది. మొన్న నేను పోయినప్పుడు, తెల్లవారుజామున ఆమే దీపం పట్టుకొని వంగి దానిని పరికిస్తున్నది. "ఏమత్తా, ఏమన్న పడ్డదా?" అని అడిగినాను. "పొడిగనే ఉన్నది బిడ్డా" అన్నది.